పో అన్న ఒక్క మాట

మొన్న శనివారం మా బ్లాక్ కింద ఉన్న గదిలో పుస్తకాల అరలు సర్దుతుంటే హైతీ కథల సంపుటి ఒకటి చేతికి తగిలింది. అట్ట మీద కాఫీ మరక. ఆ మరక ఎవరిదో నాకు తెలుసు. ఆవిడ పోయి ఏడాది దాటింది. పుస్తకాన్ని అరలో పెట్టబోయి, పెట్టలేక, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఆవిడ గుర్తొస్తే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది.

అందరం ఆవిడను ఆంటీ అనేవాళ్ళం. సింగపూర్‌లో జుట్టు నెరిసిన ప్రతి ఆడమనిషీ ఆంటీయే కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ సెంగ్‌కాంగ్‌లో మా చుట్టుపక్కల బ్లాకుల్లో 'ఆంటీ ఒప్పుకోదు' అని ఎవరైనా అంటే, ఏ ఆంటీ అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

పొట్టి మనిషి. నూలు చీర, దాని కింద తెల్లటి స్పోర్ట్స్ షూస్, బుగ్గలో లవంగం, చేతిలో నల్ల గొడుగు. మనుషులను వేలెత్తి చూపించడం మర్యాద కాదని గొడుగు ఎత్తి చూపించేది. తిండి కొట్ల హాకర్ సెంటర్‌లో అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసుకుంటే, అంటే తమదని ఆపిపెట్టుకుంటే, ఆవిడ చదువుతున్న పుస్తకాన్ని తెరిచి బోర్లించి వెళ్ళేది. పుస్తకాన్ని ఎవరూ ఎత్తుకుపోరని ధీమా. ఒకసారి నిజంగానే ఎవరో ఎత్తుకుపోయారు. నేను అయ్యో అంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఈ ఊళ్ళో కథలు దొంగిలించేవాడు ఒకడున్నాడన్నమాట" అని వారం రోజులపాటు కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది.

మలేసియాలో పుట్టిన తెలుగావిడ. పేరాక్‌లో ఒక రబ్బరు ఎస్టేట్‌లో పెరిగి, చదువుకుని, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, సెకండరీ స్కూల్లో ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంగ్లీషు మాట్లాడితే రేడియోలో వార్తలు చదువుతున్నట్టుండేది. తెలుగు నోరు విప్పితే మాత్రం పూర్తిగా వేరే మనిషి. ఎప్పుడో తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కినవాళ్ళ తెలుగు అది. మధ్యలో అరవం, మలయ్ దొర్లుతుండేవి. నేను కృష్ణా జిల్లా దాన్ని. మొదటిసారి లిఫ్టులో కలిసినప్పుడు "ఏటి పిల్లా, మాకాన్ అయిందా?" అని అడిగితే, భోజనమైందా అని అడిగినట్టు అర్థం కావడానికి మా అంతస్తు వచ్చేదాకా పట్టింది.

మా బ్లాక్ కింద గదిలో శనివారం మధ్యాహ్నాలు కథలు చదువుకునే బృందాన్ని మొదలుపెట్టింది ఆవిడే. బస్సులు నడిపి రిటైరైన ఒక చైనీస్ అంకుల్, ఒక మలయ్ నర్సు, నేను, ఇంకో ఇద్దరు ముగ్గురు. ఆంటీ పెట్టిన షరతులు కొన్ని ఉండేవి. కథ చదివినవాళ్ళు చివర్లో నీతి చెప్పకూడదు. వినేవాళ్ళు ఫోను చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఊ కొట్టాలి. వాళ్ళమ్మ ఎస్టేట్‌లో కథ చెబుతున్నప్పుడు పిల్లలు ఊ కొట్టడం ఆపితే అక్కడికక్కడ కథ ఆపేసి పడుకునేదట. అందుకని చైనీస్ అంకుల్‌కీ మలయ్ నర్సుకీ కూడా ఊ కొట్టడం నేర్పింది. అంకుల్ మొదట్లో డాక్టరు దగ్గర గొంతు చూపించినట్టు నోరు పెద్దగా తెరిచి అనేవాడు. "నోరు ముయ్యి, ముక్కులోంచి రావాలి" అని ఆంటీ గొడుగు చూపించేది.

హైతీ కథలు పట్టుకొచ్చిందీ ఆవిడే. ఆ దేశంలో కథ చెప్పేవాళ్ళు ముందు చెప్పమంటారా అని కేకేస్తారని, వినేవాళ్ళు చెప్పమని బదులు కేకేస్తేనే మొదలుపెడతారని ఎక్కడో చదివింది. ఇంకేముంది, మనవాళ్ళే అంది. సముద్రాలకు అవతల ఉన్న ఆ చిన్న దేశాన్ని ఆ క్షణం నుంచి తన పుట్టింటివాళ్ళ లెక్కలో కలిపేసుకుంది.

ఆంటీకి ఒక్కతే కూతురు, సరళ. పుంగ్గోల్‌లో ఉండేది, పెద్ద కంపెనీలో లాయరు. భర్త పోయాక ఆంటీ ఒంటరిగా ఉండేది కాబట్టి ప్రతి ఆదివారం వచ్చేది. ఫ్రిజ్ నింపేది, మందులు సర్దేది, బల్బు పోతే మార్చేది. కూర్చునేది మాత్రం కాదు. ఆ ఇంట్లో సరళ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. తల్లి తెలుగులో అడిగితే ఆమె ఇంగ్లీషులో బదులిచ్చేది. గొడవలేమీ లేవు, పొడిపొడిగా అంతే. ఒకసారి నేను కదిపితే, లాయర్లకు కూర్చుంటే డబ్బులియ్యాలి పిల్లా, నా దగ్గర లేవు అని ఆంటీ నవ్వేసింది. కానీ ఆ నవ్వు ఎప్పటి నవ్వు కాదు.

ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయిన నెలలో సరళ ఆమెను చక్రాల కుర్చీలో కిందికి తీసుకొచ్చేది. రెండు శనివారాలు గుమ్మం దగ్గర నిలబడి ఫోను చూసుకుంది. మూడోసారి మలయ్ నర్సు కుర్చీ లాగి, కూర్చోండి అంటే కాదనలేక కూర్చుంది.

ఆ రోజు చదివిన కథ ఒక సూప్ గురించి. మంచు కురిసే ఏదో పరాయి నగరంలో ఒక హైతీ తల్లి, ఆమె కూతురు. ప్రతి జనవరి ఒకటిన తల్లి తెల్లారకముందే లేచి గుమ్మడికాయ సూప్ కాస్తుంది. బానిసలుగా ఉన్న కాలంలో హైతీవాళ్ళు ఆ సూప్ వండి దొరల బల్ల మీద పెట్టడమే తప్ప రుచి చూడకూడదు. దొరలను తరిమేసిన రోజున అందరూ కడుపునిండా తాగింది అదే. కూతురికి ఇదేమీ తెలియదు. తన కోటుకు అంటిన గుమ్మడికాయ వాసన బడిలో ఎవరైనా పసిగడతారేమో అన్నదొక్కటే ఆమె బెంగ. అమ్మ తనకు ముద్దు మాట ఒక్కటీ చెప్పలేదని పెద్దయ్యేదాకా మనసులో పెట్టుకుంటుంది. ఇంతకీ ఆ అమ్మ చెప్పాలనుకున్నదంతా ఏటేటా గిన్నెలో పోసి పెడుతూనే ఉంది.

కథ అయ్యాక అందరం ఎవరి వంటింటి సంగతులు వాళ్ళు చెప్పుకుంటున్నాం. చైనీస్ అంకుల్ వాళ్ళ నాయనమ్మ గంజి గురించి చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అంతలో సరళ మెల్లగా ఇంగ్లీషులో మాట్లాడింది. ఆ పిల్లకు కనీసం సూప్ దక్కింది, మా ఇంట్లో అయితే అమ్మమ్మనే వెళ్ళగొట్టారు అంది. తనకు ఎనిమిదేళ్ళప్పుడు జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో అమ్మమ్మ తమతో ఉండేదని, ఒక పొద్దున వంటింట్లో అమ్మా అమ్మమ్మా ఏడుస్తూ అరుచుకున్నారని, అమ్మమ్మ గుడ్డసంచి పట్టుకుని వెళ్ళిపోయిందని, మళ్ళీ రాలేదని చెప్పింది. టీచరమ్మ ఇంట్లో వక్కాకు నమిలే ఎస్టేట్ ముసలావిడ ఉంటే నామోషీ కదా అంది. కోపంగా కాదు, కోర్టులో వాస్తవాలు చదివి వినిపించినట్టు.

ఆంటీ అప్పటికే ఏదో అనడానికి గొడుగు ఎత్తి ఉంది. దాన్ని మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏటి విన్నావు నువ్వు?" అని అడిగింది.

"యూ సెడ్ పో, మా. 'పో అమ్మా, పో.' ఐ వజ్ ఎట్ ద డోర్."

 ఆంటీ గొడుగు పట్టీ బిగించి, ఇవాళ్టికి చాలు అంది. సరళ కుర్చీ తోసుకుంటూ లిఫ్టు వైపు వెళ్ళింది. 

మర్నాడు పొద్దున్నే ఆంటీ నన్ను కింద కాఫీ కొట్టుకు రమ్మంది. చక్కెర లేని నల్ల కాఫీ ముందు పెట్టుకుని, తాగకుండా, "నీ తెలుగులో పో అంటే ఏటి?" అని అడిగింది. అనే తీరును బట్టి ఉంటుంది అన్నాను. కుక్కనైనా పో అంటాం. సరసానికి పోవే అంటాం. ఆడుకోవడానికి పిల్లలను పోండి అని పంపిస్తాం. ఆవిడ తలూపుతూ వింది. ఎనిమిదేళ్ళ గుంటకు అందులో ఒక్కటే తెలిసింది పిల్లా, అంది. ఇన్నేళ్ళు ఆ ఒక్కటీ పట్టుకుని పెరిగింది, నాకు తెలీలేదు.

ఏడుస్తుందేమో అనుకున్నాను. కాఫీ కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగి టక్కున బల్ల మీదున్న హైతీ కథల పుస్తకం మీద పెట్టింది. అట్ట మీద కప్పు అడుగు మరక పడింది. వచ్చే శనివారం పుస్తకం వద్దు, నాను చెప్తాను కథ, అందరికీ కబురు పెట్టు అంది.

శనివారం గది నిండింది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. ఆంటీ చక్రాల కుర్చీ వద్దని, చేతికర్రతో నడిచి వచ్చి ముందు కూర్చుంది. కథ తెలుగులో చెబుతానని, సరళ దాన్ని ఇంగ్లీషు చేస్తుందని ప్రకటించింది. సరళ బిత్తరపోయింది.

"మా, మై తెలుగు ఈజ్ సో లౌజీ లా. యూ టెల్ ఇన్ ఇంగ్లీష్."

"ఇది ఇంగ్లీషులో జరగలేదు" అంది ఆంటీ.

నేను సాయం చేస్తానని లేవబోతే గొడుగు నా వైపు తిరిగింది. కూర్చున్నాను.

ఆంటీ తన తల్లి కథ చెప్పింది. వాక్యం తెలుగులో, ఆగడం, గదంతా ఊ కొట్టడం, తర్వాత సరళ గొంతులో ఇంగ్లీషు. మొదట్లో సరళ తడబడింది. ఒకటి రెండు మాటలకు తల్లినే అర్థం అడిగింది. పోనుపోను ఆమె గొంతు కుదురుకుంది.

ఆవిడ అమ్మ చిన్నప్పటి నుంచి పాల కోసం రబ్బరు చెట్లు గీసింది. ఎస్టేట్‌లో ఆడవాళ్ళకు కష్టమొస్తే ముందు ఆమె గడప తొక్కేవారు. దొరబాబుల ముందు నిలబడి మాట్లాడేది ఆమే. మనవరాలు పుట్టాక, చూసుకోవడానికి సింగపూర్ వచ్చింది. ఆ గుంట లేచింది మొదలు పడుకునేదాకా ఆమె చంకలోనే. అంతలో అక్కడ ఎస్టేట్ అమ్ముడుపోయింది. కొన్న కంపెనీ పెద్ద పెద్ద ఇళ్ళు కట్టుకుంటానని, కూలీల లైన్లలో, ఆ వరస గదుల్లో ఉన్నవాళ్ళను ఖాళీ చేయమంది. మూడు తరాలు ఆ లైన్లలోనే పుట్టి పెరిగారు, ఎక్కడికి పోతారు? ఆడవాళ్ళు ఆమెకు కబురు పెట్టారు. నువ్వు రాకపోతే మేము నిలబడలేం అని.

ఆమె వెళ్ళనంది. మనవరాలిని వదిలి వెళ్ళలేనంది. సంచి సర్దుకోవడం, మళ్ళీ విప్పేయడం. అన్నం తినేది కాదు. ఇక్కడ కూతురికి టీచరు ఉద్యోగం, తను అక్కడ గొడవలో దిగితే కూతురికి ఏమవుతుందోనని భయం. ఆ పొద్దున వంటింట్లో ఏడుస్తూ, నాను ఎల్లను, నన్ను ఎల్లమనకు అని అరిచింది. ఆంటీ కూడా అరిచింది.

ఇక్కడ ఆంటీ ఆగింది. గదంతా ఊ కొట్టింది. అంకుల్ కూడా చక్కగా ముక్కులోంచి అన్నాడు. ఆవిడ ఎవరినీ చూడకుండా కూతురినే చూస్తూ ఆ మాట అంది.

"అప్పుడు నాను అన్నాను, పో అమ్మా, పో. నా కోసం ఆగిపోకు. నా గుంటని నాను సూసుకుంటాను. ఆళ్ళకి నువ్వు కావాలి."

సరళ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అప్పుడు నేను అన్నాను, అని చెప్పి ఆగిపోయింది. గదిలో మిగతావాళ్ళకు ఎందుకు ఆగిందో తెలియదు. నాకు తెలుసు. తెలుగులో ఉన్న ఆ ఒక్క మాటకు ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. గెట్ అవుట్ అనొచ్చు, గో అనొచ్చు. ఇన్నేళ్ళూ మనసులో మొదటిదే రాసుకుంది. ఇప్పుడు పదిమందిలో ఏదో ఒకటి పైకి అనాలి.  ఆంటీ తొందరపెట్టలేదు.

"గో, అమ్మా" అంది సరళ. "గో. డోంట్ స్టే బ్యాక్ ఫర్ మీ."

ఆపైన ఆమె తల్లి చెప్పేదాకా ఆగలేదు. తర్వాత ఏమైంది అని తనే అడిగింది. తెలుగులో అడిగింది.

తర్వాత ఏమైందంటే, ఆ ముసలావిడ వెళ్ళి, ఆడవాళ్ళందరి పొయ్యిలూ ఇళ్ళలోంచి బయటికి తెప్పించింది. నేల చదును చేసే యంత్రం వచ్చే బాట మీద వరసగా పొయ్యిలు పెట్టించింది. వంట అక్కడే, తిండి అక్కడే, పిల్లల చదువు అక్కడే. యంత్రం నడిపే అబ్బాయి వస్తే మొదట అతనికి అన్నం పెట్టేది. తిన్నాక అతను యంత్రం వెనక్కి తిప్పుకుని పోయేవాడు. కంపెనీవాళ్ళు బెదిరించారు, నీళ్ళు ఆపారు. వానాకాలం వచ్చింది. పొయ్యిల మీద రేకులు కప్పి వండారు. ఆఖరుకు కంపెనీ దిగొచ్చింది. ఎస్టేట్ అంచున ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు, పట్టాతో సహా ఇచ్చింది. చెట్లు గీసి గీసి వేళ్ళు వంకర్లు పోయిన ఆమె చేతికి తన పేరున్న పట్టా వచ్చింది. సింగపూర్ రమ్మని కూతురు బతిమాలితే, నా ఇంట్లో నాను కొన్నాళ్ళుండాలి కదా అందట. రెండేళ్ళు ఆ ఇంట్లో దర్జాగా బతికి, ఆ ఇంట్లోనే కన్ను మూసింది.

మరి ఇదంతా సరళకు ఎందుకు చెప్పలేదంటే, అప్పుడు చిన్నపిల్ల బడిలో ఎవరితోనైనా అంటే ఉద్యోగానికి ముప్పని భర్త వద్దన్నాడు. అమ్మమ్మ ఊరెళ్ళిందని మాత్రమే చెప్పారు, చూడటానికి ఆంటీ ఒక్కతే వెళ్ళొచ్చేది. తర్వాత పిల్ల ఎన్నడూ అడగలేదు. తల్లేమో పిల్లకు ఎస్టేట్ సంగతులంటే ఇష్టం లేదనుకుంది. పిల్లేమో తల్లికి ఎస్టేట్ అంటేనే నామోషీ అనుకుంది.

కథ అయిపోయింది. చైనీస్ అంకుల్ లేచి నిలబడి, "వా, యువర్ గ్రాండ్‌మా వెరీ స్టెడీ లా" అన్నాడు, భలే గట్టి మనిషని మెచ్చుకుంటూ. అందరూ చప్పట్లు కొట్టారు. సరళ చప్పట్లు కొట్టలేదు. తల్లి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, ఆవిడ ఆపరేషన్ అయిన మోకాలికి తగలకుండా రెండో మోకాలి మీద తల పెట్టుకుంది. ఆఫీసు బట్టల్లో ఉంది. ఆంటీ ఆమె జుట్టులో వేళ్ళు పెట్టి, నూనె రాసుకోవట్లేదా నువ్వు అని అడిగింది.

ఆ ఆదివారం నుంచి వాళ్ళింట్లో కుర్చీకి తీరిక లేదు. సరళ వచ్చి కూర్చుంటే రాత్రి భోజనం దాకా లేచేది కాదని, తన సీరియల్ చూడనివ్వడం లేదని ఆంటీ నాతో ఫిర్యాదు చేసేది. ఆ ఫిర్యాదు చెప్పడానికి ప్రత్యేకంగా లిఫ్టెక్కి మా ఇంటికి వచ్చేది.

ఆంటీ మోకాలు బాగయ్యాక వరస సెలవుల్లో ముగ్గురం సరళ కారులో సముద్రం మీది కాజ్‌వే దాటి పేరాక్ వెళ్ళాం. నన్నెందుకని అడిగితే, సాక్షి ఉండాలి పిల్లా అంది ఆంటీ. ఎస్టేట్ ఉన్నచోట ఇప్పుడు మేడలు, గోల్ఫ్ పచ్చిక. దాని అంచున మాత్రం చిన్న చిన్న ఇళ్ళ వరస, ముంగిట్లో ముగ్గులు. పొయ్యిల రోజుల్లో ఆంటీ వాళ్ళమ్మ పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకావిడ ఇంకా ఉంది. సరళ కారు దిగగానే ఆమె గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "అదే ముక్కు, అదే పొగరు" అంది. సరళ అంత సంతోషంగా నవ్వడం నేను ముందెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి ముసలమ్మ ఇంట్లోనే పడుకున్నాం. వరసలోని ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒక కూర వచ్చింది.

పొద్దున్నే ముసలమ్మ తన పెరట్లో ఉన్న నాలుగు రబ్బరు చెట్లు గీయడానికి లేచింది. మేమూ వెనకే వెళ్ళాం. ఆంటీ కాసేపు చూసి, షూస్ విప్పి పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, కత్తి ఇలా తే అంది. సరళ నా వైపు చూసింది. తన తల్లి పదిహేనేళ్ళ దాకా బడికి వెళ్ళేముందు రోజూ చెట్లు గీసిందన్న సంగతి ఆమెకు ఆ నిమిషం వరకూ తెలియదు. ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పిన చెయ్యి మానును తడిమి పాత గాటు వెతుక్కుంది. మొదటి గాటు లోతుగా దిగింది. చెట్టుకు నొప్పెడతాది అని ముసలమ్మ కసిరింది. ఆంటీ చెట్టుకు ఏదో మెల్లగా చెప్పి, మళ్ళీ పెట్టింది. ఈసారి బెరడు కాగితంలా సన్నగా, ఏటవాలుగా, ఎక్కడా తెగకుండా ఊడి వచ్చింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గీత పొడుగునా తెల్లటి చుక్కలు పొటమరించి, కలిసి, ధారగా మానుకు కట్టిన కప్పులోకి జారాయి.

ఆంటీ వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. తరగతిలో అందరికన్నా ముందు జవాబు చెప్పిన పిల్ల మొహంలా ఉంది ఆ మొహం.

"అమ్మా, నాకూ నేర్పు" అంది సరళ.

ఆంటీ కత్తిని చేతిలోనే తిప్పి, పిడి ఆమె వైపు పెట్టింది.